బోరింగు మెకానిక్కు సలోమి

సలోమి కంటే ముందు ఆమె సంచిలోని పానాల చప్పుడు వీధిలోకి వస్తుంది. బోరింగు గొట్టానికి చెవి ఆనించి, లోపలి రోగమేమిటో చెప్పేస్తుంది. కలువాయి నుంచి మర్రిపాడుకు వలసొచ్చి ఎస్సీ కాలనీలో దిగిన మనిషి. నిన్నమొన్నటిదాకా ఊరి బోరింగును ఆమె ముట్టకూడదు. ఎవరైనా దయతలిచి కొట్టిపోస్తే బిందె పట్టుకోవాలి. అలాంటిది, బోరింగుల రిపేరు కాలనీ ఆడవాళ్ళకే నేర్పి, ఆ పని వాళ్ళకే అప్పగించాలని సర్కారు ఆర్డరు వేసింది. ఆత్మకూరులో పదిహేను రోజులు నేర్చుకుని సలోమి మెకానిక్కయింది.

మండుటెండల్లో నడివీధి బోరింగు మొరాయించింది. సలోమి గొట్టాలు పైకి లాగి, అరిగిన వాషరు మార్చి, బిగించి కొట్టేసరికి నీళ్ళు దబదబా దూకాయి. పెద్దింటి ఆదిశేషమ్మ పసుపునీళ్ళ చెంబుతో దిగింది.

"జరుగుమే, నువ్వు ముట్టినావు గదా, కడగాల."

"కడుగు పెద్దమ్మా. పైన ఎంత కడిగినా లోపల నీళ్ళు లాగేది తోలు వాషరే. పదేళ్ళుగా ఆ తోలు తాకిన నీళ్ళే తాగతా ఉండావు."

"తోలుదా? ఏందే నువ్వు చెప్పేది!"

వెనక బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. సలోమి తన బిందె పెట్టి, అందరూ చూస్తుండగా తన చేత్తోనే నింపుకుంది. ఆదిశేషమ్మ పసుపునీళ్ళ చెంబు పక్కన పెట్టి, తన బిందె తెచ్చి ఆ వెనకే వరసలో పెట్టింది.