ఇరవై నాలుగో పుట

గోవర్ధన్ గారు నలభై నాలుగేళ్లుగా సిటీ సివిల్ కోర్టులో వకీలు. కవి అంతకంటే ముందు నుంచే. చిక్కడపల్లిలో ఆయన్ని ‘వకీల్ సాబ్’ అనేవాళ్లే ఎక్కువ. కవి అని పిలిచేవాళ్లలో సగం మంది వేళాకోళానికి పిలుస్తారు. ఇంట్లో మాట్లాడే భాషలోనే రాస్తానని ఆయన మొండికేసిన రోజుల్లో పత్రికలు కవితల్ని తిప్పి పంపేవి. ఆ కాగితాల వెనకవైపే ఆయన కొత్తవి రాసుకునేవారు.

డెబ్భై ఏళ్లకు, పోయిన జూన్‌లో, మొదటి పుస్తకం అచ్చుకు సిద్ధమైంది. టైపు చేయడానికి నేను సాయంత్రాలు లైబ్రరీలో చదువు ముగించుకుని నేరుగా వాళ్లింటికి వెళ్లేదాన్ని. ఒకరోజు ఆయన భార్య అరుంధతమ్మ టీ తెచ్చి, నా పక్కన కూర్చుని కవితల జాబితా చదివింది.

“మూసీ మీద ఉన్నది, నారాయణగూడ చౌరస్తా మీద ఉన్నది, ఆఖరికి హోటల్ల పిల్లి మీద గూడ ఉన్నది. నా మీద ఏది?”

“ఉన్నది,” అన్నారాయన తలెత్తకుండా. “నువ్వు దవాఖానల ఉన్నప్పుడు రాసిన.”

ఫిబ్రవరిలో ఆమెకు గుండె ఆపరేషన్ అయింది. ఐసీయూ బయట కుర్చీలో ఆయన నాలుగు రోజులు కూర్చున్నారు.

“చూపిస్తే కద తెలిసేది!”

ఆయన బీరువా తెరిచారు. ఫైళ్లన్నీ కింద పరిచారు. కవిత లేదు. దానికి వేరే నకలు కూడా లేదు. రెండు రోజులు కూర్చుని గుర్తు తెచ్చుకుని రాశారు. చదివి వినిపిస్తే అఫిడవిట్‌లా ఉంది. నేనేమీ అనకముందే ఆయనే చింపేశారు. శనివారం పుస్తకం ప్రెస్సుకు వెళ్లాలి. అరుంధతమ్మ మళ్లీ అడగలేదు. ఆమె అడగకపోవడమే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. “రాయనే లేదనుకుంటుంది బిడ్డా,” అన్నారు నాతో.

కోర్టు కాగితాల విషయంలో ఆయనకొక అలవాటు ఉంది. ప్రతి పుటకూ తానే నంబరు వేసి, సూదీ దారంతో తానే కుడతారు. అవతలి వకీలుకు ఒక కట్ట ఇచ్చి, ఎన్ని పుటలు అందాయో తన కట్ట మీద రాయించుకుని సంతకం తీసుకుంటారు. ఆసుపత్రిలో ఆయన వెంట ఉన్నది రాంనగర్ ఇంటి కిరాయి కేసు. గురువారం ఆ ఫైలు మరోసారి తిరగేశారు. ఆయన కట్టలో ఇరవై మూడు పుటలే ఉన్నాయి. పైన మాత్రం ‘ఇరవై నాలుగు పుటలు అందినవి’ అని అవతలి వకీలు దక్షిణామూర్తి గారి సంతకం. కవితకు కూడా నంబరు వేసి, కుట్టి, అవతలి పక్షానికి ఇచ్చేశారన్నమాట!

ఆయన ముఖంలో సంతోషం ఎంతోసేపు నిలవలేదు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన దక్షిణామూర్తి గారు ముప్పై ఏళ్ల కిందట వకీళ్ల సభలో ఈయన కవిత విని, “బావుందండీ, కానీ ఇది మాట, కవిత్వం కాదు,” అన్నారట. అప్పటి నుంచి ఆయన ఉన్నచోట ఈయన కవిత చదవలేదు.

మోకాలి నొప్పి కాబట్టి నన్ను తోడు తీసుకుని నారాయణగూడలో మూర్తి గారి ఆఫీసుకు వెళ్లారు. ఆఫీసు మెట్ల దగ్గర, “పోనీ తియ్, వాపస్ పోదాం,” అన్నారు. అంటూనే ఎక్కారు.

“రండి కవిగారూ!”

“మూర్తి గారూ, రాంనగర్ ఫైలుల నాదొక కాయితం కలిసింది.”

“ఫైల్లో లేదండీ.” దక్షిణామూర్తి గారు సొరుగు తెరిచి, మడిచిన కాగితం ఒకటి బల్ల మీద పెట్టారు. “నాలుగు నెలలుగా ఇద్దామనే అనుకుంటున్నాను. ఇస్తే చదివానని తెలిసిపోతుందిగా.”

గోవర్ధన్ గారు దాన్ని అందుకోలేదు.

“అప్పుడు మీ కవితని ‘మాట’ అన్నాను. ఇదీ మాటేనండీ. మా ఆవిడతో ఇలాంటి మాట ఒక్కటి కూడా అనలేకపోయాను.”

“ఇప్పుడు అనున్రి, ఏమయితది?”

“ఇప్పుడంటే ఏం తప్పు చేసొచ్చానోనని వారం రోజులు ఆరా తీస్తుంది!”

ఇద్దరూ నవ్వారు. గోవర్ధన్ గారు కాగితాన్ని జేబులో పెట్టుకుని, దారంతా జేబు మీద చెయ్యి ఆనించుకునే వచ్చారు.

కాగితం ఎక్కడ దొరికిందో విని, అరుంధతమ్మ వంటింటి గుమ్మంలోనే నిలబడి చదివింది. కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుని మళ్లీ చదివింది.

“మూర్తి సార్ సదివిన్రా?”

“సదివిన్రు.”

“ఈ పిల్ల?”

“లేదు.”

“అయితే ఇంకెవ్వరికీ ఇయ్యకున్రి.”

“పుస్తకంల పెట్టొద్దా?”

“వద్దు. నాకు రాసిన్రు గద.” కాగితాన్ని తిరిగి ఆయన చేతికిచ్చింది. “ఒక్కసారి మీరు సదువున్రి. వింట.”

నేను చెప్పులు వేసుకుని తలుపు దగ్గరగా వేశాను. జడ్జీల ముందు గంటలకొద్దీ తడబడకుండా వాదించే మనిషి, మొదటి పాదం దగ్గరే రెండుసార్లు దగ్గడం మెట్ల దాకా వినిపించింది. మిగతాది చెవిన పడకముందే గబగబా దిగిపోయాను.