పందుల పాలు కాబోయిన రేడియో

వేటపాలెం అవతల సముద్రపు ఒడ్డున కూర్చుని నేను రేడియోలో ప్రపంచమంతా విన్నాను. చైనా వాళ్ళు దగ్గితే నాకు వినపడేది. అరబ్బు దేశాల వార్తలు అక్కడి వాళ్ళకంటే ముందు నా చెవిన పడేవి. సరే, అంత లేదు. శ్రీలంక వినపడేది. శ్రీలంక మా ఊళ్ళో కాస్త మంచి రేడియో ఉన్న ప్రతివాడికీ వస్తుంది. మిగతావి గరగరలు. ఆ గరగరల్లో ఏది చైనాయో ఏది అరేబియాయో నేనే పేర్లు పెట్టుకునేవాణ్ణి.

కేబుల్ టీవీ వచ్చి రేడియోలు అటకెక్కిన రోజులవి. మా వైపు రైతులకు మీడియం వేవ్ అంటే పొలం కబుర్లు, మిర్చి ధర. అవి అయిపోతే కట్టేయడమే. ముల్లును ఇంకో వెంట్రుకవాసి జరిపితే అక్కడ ఏముందో చూసే పిచ్చి నాకొక్కడికే ఉండేది. ఇంట్లో ట్యూబులైటు చోకు గీపెట్టి విననివ్వదు కాబట్టి సాయంత్రం సైకిలెక్కి ఒడ్డుకు పోయేవాణ్ణి. తూర్పున మనకంటే ముందే పొద్దుగుంకుతుంది. అటు చీకటి పడగానే అక్కడి స్టేషన్లు నీళ్ళ మీద జారుకుంటూ వస్తాయి.

ఆ రేడియో మీద మా బావమరిది కన్ను పడింది. అతనికి బాపట్ల వైపు ఇసుక నేలలో వేరుశనగ చేను. కాయ ఊరే వేళకు అడవి పందులు దిగి సాళ్ళకు సాళ్ళు పెళ్ళగిస్తున్నాయి. చేలో కర్రకు రేడియో కట్టి వాగనిస్తే, మనిషి ఉన్నాడనుకుని పందులు రావని ఎవరో చెప్పారట.

"బావా, ఆ డబ్బా నాకియ్యి. నీ దగ్గర గరగరలాడ్డం తప్ప దానికి పనేముంది?"

"ఒరేయ్, దాంట్లో దేశదేశాలు పలుకుతాయిరా."

"మొన్న నువ్వు చైనా అన్నది మద్రాసంట. అక్క చెప్పింది."

"పాట కూడా గుర్తుపట్టాన్రా తమ్ముడూ," అంది మా ఆవిడ వంటింట్లోంచి.

పందెం అతనే పెట్టాడు. "రేపు సాయంత్రం నేనూ వస్తా. సముద్రం అవతలి స్టేషను ఒక్కటి, మాట అర్థమయ్యేట్టు వినిపించు. దాని జోలికి రాను. శ్రీలంక కుదరదు. వినిపించలేకపోతే రేడియో పందులకే."

మర్నాడు ఊరు ఊరంతా ఒడ్డుకు తరలివచ్చింది. అదీ అబద్ధమే. నేను, అతను, మిరపకాయ బజ్జీల గిన్నెతో మా ఆవిడ, బజ్జీల వెంట ఒక కుక్క.

ముల్లు జరుపుతున్నాను. గరగర. ఇంకొంచెం. ఈల. "ఇదే దేశం బావా?" అంటున్నాడు నోట్లో బజ్జీతో. ఇక రేడియో పోయినట్టేనని అనుకుంటుండగా, గరగరల్లోంచి ఒక ఆడగొంతు లేచింది. చక్కటి తెలుగు.

అతను ఇసుకలో పడి దొర్లాడు. "సముద్రం అవతల తెలుగేంటి బావా? అది విశాఖపట్నం. ఆ యాస వినలా?"

యాస ఉత్తరాంధ్రదే. కానీ ముల్లు విశాఖ దగ్గర లేదని నాకు తెలుసు. "అండమాన్ రా అది. అక్కడ శ్రీకాకుళం వాళ్ళు బోలెడుమంది."

"నువ్వు చెప్పావంటే ఇంక కాదనే."

జన్మలో ఒక్కసారి నిజం చెబితే ఇదీ నా గతి. అప్పుడు రేడియోలో ఉండే కడ్డీ గుర్తొచ్చింది. రాగితీగ చుట్టిన నల్లటి కడ్డీ, పెట్టె పొడుగునా అడ్డంగా ఉంటుంది. దాని కొస స్టేషను వైపు గురిపెడితే గొంతు ఆగిపోతుంది.

"విశాఖ అటు, ఒడ్డు వెంబడి. అండమాన్ ఇటు, నీళ్ళలోకి. ఎటు తిప్పితే ఆగుతుందో చూడు."

"నువ్వు కాదు, నేను తిప్పుతా," అని చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

విశాఖ వైపు తిప్పాడు. గొంతు అలాగే పలుకుతోంది. మెల్లగా సముద్రం వైపు తిప్పసాగాడు. ఇన్నేళ్ళూ ఏదో ఒక గొంతు రావాలని మొక్కినవాణ్ణి, ఇప్పుడు ఆగవే తల్లీ, ఆగవే అని గొణుక్కుంటున్నాను. పెట్టె కొస అలలకు ఎదురుగా వచ్చింది. గొంతు కత్తితో కోసినట్టు ఆగిపోయింది. నిజానికి పూర్తిగా ఆగలేదు, దోమ పాటలాగా సన్నబడింది. అది చాలు.

"వెనక కొస చీరాల వైపుందిగా? అటునుంచి వస్తోందేమో?" అన్నాడు.

"చీరాలలో రేడియో స్టేషనెక్కడుందిరా?" అంది మా ఆవిడ. పెళ్ళయ్యాక ఆవిడ నా పక్షం మాట్లాడటం అదే మొదలు. రెండోసారి కూడా కావచ్చు.

అతను పెట్టెను పక్కకు తిప్పాడు, గొంతు వచ్చింది. నీళ్ళ వైపు తిప్పాడు, పోయింది. "వచ్చింది. పోయింది. అక్కా, చూడు, వచ్చింది." అంత మీసాలున్న మనిషి ఇసుకలో గిరగిరా తిరుగుతున్నాడు, చుట్టూ కుక్క తిరుగుతోంది. బజ్జీలు చల్లారిపోయాయి.

"ఇంక ఇటియ్యరా, నా రేడియో నాదే కదా," అన్నాను.

"నీదే. కాసేపుండు."

"మరి చేలో పందులో?"

రేడియో మీంచి తలెత్తలేదు. "కర్రకి నిన్ను కడతాలే బావా. తెల్లార్లూ ఆపకుండా వాగుతావు."