ఒకే గిన్నెలో సూపు

ఎనభైల్లో నేను బీఏ పాసయ్యాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే! ఆ సంబరంలో నా కాలేజీ స్నేహితురాలు వసుధను స్టేషన్ దగ్గరి చవక చైనా హోటల్‌కి తీసుకెళ్లాను. వాళ్లది మా నగరంలోనే దాదర్ పేటలో స్థిరపడిన కోస్తా కుటుంబం.

బల్ల మధ్యలో నిప్పుల మీద గిన్నె పెట్టారు. మరిగే సూపులో కూరగాయలు, నూడుల్స్ వేసి, ఇద్దరం అందులోంచే తీసుకుని తింటున్నాం. నాలుకలు కాలి ఒకటే నవ్వులు. చప్పగా ఉందని వసుధే సాస్ పోసింది.

"రేపు మా ఇంటికి రావే! అమ్మ నీకోసం పూరన్‌పోళీలు చేస్తది, మీ బొబ్బట్ల లెక్కనే ఉంటయి," అన్నాను.

"తప్పకుండా వస్తా. ఇన్నేళ్లయినా మీ ఇల్లే చూడలేదు. ఎక్కడ?"

"కామాటిపురల. పదో గల్లీల, వరుసగ ఒంటి అర్రల ఇండ్లుండే చాల్ మాది."

వసుధ చెంచా ఆగిపోయింది. "ఛీ! ఆ ఒళ్లమ్ముకునే ఆడవాళ్లుండే చోటా?"

"మేం గూడ ఉంటం గదే! మా తాత ఇండ్లు కట్టే పనికొచ్చి ఆడనే ఉండిపోయిండు."

తను వెయిటర్‌ని పిలిచి వేరే ప్లేటులో ఫ్రైడ్ రైస్ తెమ్మంది. మళ్లీ ఆ గిన్నెలో చెంచా ముంచలేదు.

"ఏమైందే?"

"ఏం లేదు. సూపు కారంగా ఉంది."

మర్నాడు అమ్మ పోళీలు చేసి సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చుంది. "నీ దోస్తుకు తొవ్వ దొరకలేదేమో బిడ్డా, బస్టాప్ దాక వోయి చూడు," అంది.

డిగ్రీ వస్తే ఇక నన్నెవరూ మా గల్లీతో కొలవరనుకున్నాను. తను రాదని తెలిసీ, అమ్మకు నిజం చెప్పలేక, చీకటి పడేదాకా ఆ బస్టాప్‌లో నిలబడ్డాను.