మగ్గం గుంటలో గాబు

నర్సమ్మ పోయిందని మొన్న సుల్తానాబాద్ నుంచి వచ్చి బస్సు దిగుతూనే మా చిన్నమ్మ చెప్పింది. "నిద్రల్నే పోయిందట. ఎవర్నీ పరేషాన్ చెయ్యలే" అంది. ఆమెకు చెప్పాల్సిన మాట ఒకటి పదమూడేళ్లుగా నా నోట్లోనే ఉండిపోయింది.

ఆమె మిషన్ దవాఖానాలో నర్సు. మా సాలెవాడకు వారానికోసారి వచ్చేది. నోరు మహా కటువు. నూలు నానబెట్టిన మట్టి గాబుల్లోకి తొంగిచూసి, తోకలాడించే పురుగుల్ని చూపించి, "దోమలకు పురుడు మీరే పోస్తున్నరు గదనే!" అని అరిచేది. దగ్గరుండి నీళ్లు పారబోయించేది. నాలుగు రోజులు నానితే గాని నూలు గంజి పట్టదు. అందుకే ఆమె వస్తోందంటే మగవాళ్లకు ఒళ్లు మంట. ఆమె మాత్రం తిట్టిన ఇంట్లోనే కూర్చుని జొన్న గటక అడిగి తినేది.

ఆ వానాకాలం వాడలో పిల్లలకు జ్వరాలు మొదలైనాయి. కాళ్లూ చేతులూ కొట్టుకుని కళ్లు తేలేసేవారు. గాలి సోకిందని కొందరు, పోచమ్మ కోపమని కొందరు అన్నారు. మలేరియాకిచ్చే కొయినా మాత్రలు పనిచేయలేదు. నర్సమ్మ రక్తం తీసి పట్నం పంపితే మలేరియా కాదని జవాబొచ్చింది. మరేం జ్వరమంటే, "తెల్వది. ఉత్తగ పేరు పెడితే పిల్ల బతుకుతదా? నా అనుమానమైతే దోమ మీదనే" అనేది.

ఆ వారం బాపు నూలు నానుతున్న ఒక గాబును, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలోకి దించి పైన చాప కప్పాడు. నర్సమ్మ వాకిట్లోని గాబులన్నీ బోర్లించి నన్ను అడిగింది.

"ఇంకేమన్న గాబులున్నయా బిడ్డా?"

నాకప్పుడు పదేళ్లు. బాపు ముఖం చూసి "లేవు" అన్నాను. ఆమె నా చెంప నిమిరి వెళ్లిపోయింది.

పది రోజులకు మా చెల్లెకు జ్వరమొచ్చింది. నాలుగేళ్ల పిల్ల. నర్సమ్మ మూడు రోజులు మా ఇంట్లోనే ఉండి తడిబట్టలు వేసింది. మూడోనాడు పొద్దెక్కేసరికి చెల్లె లేదు. మమ్మల్ని కన్న అవ్వ గోడకు తల కొట్టుకుంటుంటే బాపు, "దోమలతోనేనా నర్సమ్మా?" అన్నాడు.

"తెల్వది అన్నా. నిన్ను నువ్వు తినకు" అంది. ఆమె చూపు చాప మీద పడిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సాయంత్రం బాపు గాబును పైకి తీసి, పగలగొట్టాడు.

నన్ను చదివించింది ఆమే. ఇవాళ నేనూ నర్సునే. "తెల్వనిది తెల్వదని చెప్పు, తెలిసింది దాయకు" అనేది. ఆ రెండో మాట వచ్చినప్పుడల్లా తల దించుకునేదాన్ని. ఛీ, ఏం పిరికితనం నాది!

నిన్న ఆమె ఇంటికి వెళ్లాను. అప్పటికే మట్టి చేసి వచ్చారు. వాన వెలిసింది. పెరట్లో కుండ, బకెట్టు, ఆఖరికి పగిలిన చిప్ప కూడా బోర్లించే ఉన్నాయి. బకెట్టు ఎత్తి చూస్తే, దాని కింద నేల గుండ్రంగా, పొడిగా ఉంది.

"ఉండె నర్సమ్మా" అన్నాను గట్టిగానే. "ఇంకొకటి ఉండె."

బకెట్టును మళ్లీ ఆ పొడినేల మీదే బోర్లించాను.