కలెక్టరు ఇచ్చిన కూతురు

2023. దోహాలోని మదీనత్ ఖలీఫాలో ఒక లీగల్ ట్రాన్స్‌లేషన్ ఆఫీసులో అప్పటికే చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. విదేశీ కాగితాలను అరబ్బీలోకి మార్చి ముద్ర వేసి ఇవ్వడం మా పని. నేను బడికి వెళ్ళలేదు. కడపలో మా నాయన ఇంట్లోనే ఖురాన్‌తోపాటు అరబ్బీ, ఇంగ్లీషు నేర్పారు. ఆ చదువే అన్నం పెడుతోంది, అల్‌హందులిల్లా.

ఒకరోజు దోహా పక్కనున్న అల్ వుకైర్ నుంచి జాన్, సునీత దంపతులు వచ్చారు. కాకినాడ వైపు క్రైస్తవులు. ఇండియాలో ఆశ అనే మూడేళ్ళ పాపను దత్తత తీసుకుని, విజిట్ వీసా మీద తెచ్చుకున్నారు. దాని గడువు దగ్గరపడింది. ఫ్యామిలీ వీసాకు వెళ్తే కౌంటర్‌లో దత్తత కాగితం వెనక్కిచ్చారు.

"జడ్జిగారి సంతకం లేదంటున్నారక్కా. కలెక్టరు సంతకం చాలదంట" అంది సునీత.

మన దగ్గర పూర్వం ఈ ఉత్తర్వు కోర్టు ఇచ్చేది. చట్టాన్ని సవరించి ఆ పని కలెక్టరుకు అప్పగించారు. ఇక్కడివారికి పాత పద్ధతే తెలుసు. అందులో ఎవరి తప్పూ లేదు.

మా ఆఫీసు పెద్ద సూడాన్ ఆయన. ఉస్తాద్ అంటాం. "కఫాలా అని రాసెయ్ బిడ్డా. ఎవరూ ప్రశ్న వేయరు" అన్నారు అరబ్బీలో.

"కఫాలా అంటే ఏంటక్కా?" అంది సునీత.

"పాపను సాకే బాధ్యత మీదే. పేరు మాత్రం కన్నోళ్ళదే ఉంటాది. అది మా షరియా పద్ధతి."

సునీత కాగితాన్ని నా వైపు జరిపింది. "పాపని ఉండనిస్తారంటే అదే రాసేయండి."

జాన్ ఒప్పుకోలేదు. "రేపు పెద్దదై ఈ కాగితం చూస్తే ఏం చెప్తావే? అద్దెకి తెచ్చామనా?"

ఖతార్‌లో కుటుంబ విషయాలకు షరియా ఆధారమైనా, ముస్లిమేతరుల విషయంలో వారి దేశపు చట్టాన్నీ చూస్తారు. ఆ ధైర్యంతో దత్తత అనే రాశాను. సవరణకు ముందున్న సెక్షన్‌ను, తర్వాతిదాన్ని పక్కపక్కన అరబ్బీలో పెట్టి జతచేశాను. ఉస్తాద్ గొణుక్కుంటూనే ముద్ర వేశారు.

కౌంటర్‌లో పెద్దాయన రెండూ చదివి, "ఎందుకు మార్చారు?" అని అడిగారట.

"కోర్టుల్లో ఆలస్యమవుతోందని సార్. పిల్లలు తొందరగా ఇల్లు చేరాలని" అన్నాడట జాన్.

"మా చట్టాలూ మారుతూనే ఉంటాయి. యల్లా, ఇక పదండి" అని సంతకం పెట్టారట.

వీసా వచ్చాక ముగ్గురూ కాజాలు పట్టుకొచ్చారు. మీ నాన్న ఎవరని ఆశను అడగమన్నారు ఉస్తాద్. నేను అడిగితే అది జాన్ వేలు పట్టుకుని ఉస్తాద్‌ను ఎగాదిగా చూసింది.

"ఈయనేగా. తాతకి తెలీదా?"

అదీ నేనే తర్జుమా చేశాను. ఉస్తాద్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

నా ధర్మంలో అనాథను సాకడం గొప్ప పుణ్యం. ఆశ దేశపు చట్టంలో ఆమె అనాథే కాదు, కూతురు. ఒకరి చట్టాన్ని మరొకరి మాటతో కప్పకుండా అవతలి ఒడ్డుకు చేర్చడమే నా పని అని ఆ కేసుతో తెలుసుకున్నాను. ఆ పాపను నా బల్లదాకా పంపిన అల్లాహ్‌కు నమాజులో ఇప్పటికీ షుక్రియా చెప్పుకుంటాను.