కాల్చేసిన బొమ్మ బట్టలు

ఎడమ చేతి చిటికెన వేలికి సూది దిగిన సంగతి నాకు నొప్పి వల్ల తెలియలేదు. కుడుతున్న తెల్ల గౌను మీద ఎర్రటి చుక్క కనబడితే తెలిసింది. వేలు ఎత్తి చూశాను. సూది మొన ఇంకా చర్మంలోనే ఉంది.

నేను మార్కాపురంలో ఇంటి దగ్గరే జాకెట్లు కుడతాను. మా ఆయన పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మిగిలిన జాకెట్ ముక్కలతో ఏటా క్రిస్మస్‌కు మా చర్చి పిల్లలకు బొమ్మ బట్టలు కుట్టి ఇచ్చేదాన్ని. చర్చివాళ్లు బజారులో ప్లాస్టిక్ బొమ్మలు కొంటే వాటికి పట్టు లంగాలు, లేసు గౌన్లు నావి. అంత చిన్న గౌను చేతులు మిషన్ మీద తిరగవు, చేత్తోనే కుట్టాలి. రత్నమ్మ వదిన మా ఆడపడుచు. ఆమె మనవరాలు మెర్సీ నా పక్కనే కూర్చుని, "అవ్వా, నా బొమ్మ గౌనుకు జేబు పెట్టు" అనేది. గోరంత జేబు పెట్టేదాన్ని.

ఆ రోజు నేను భయపడాల్సింది. పడలేదు. మోచేతి కింద పాలిపోయిన మచ్చ అప్పటికే ఉంది. మా వీధిలో సూదులు వేసే ఆర్‌ఎంపీ చూసి, "నరాల వీక్‌నెస్ అమ్మా, కుట్టుపని చేసేవాళ్లకు మామూలే" అని బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్లు వేశాడు. మచ్చకు ఆయింట్‌మెంట్ ఇచ్చాడు. అలా దాదాపు ఏడాది పోయింది. మచ్చ అరచేయంత అయింది. ఒకరోజు ఇస్త్రీ పెట్టె తగిలి చేతి అంచు కాలితే, కమురు వాసన వచ్చేదాకా నాకు తెలియలేదు. మర్నాడు మా ఆయన పని మానుకుని నన్ను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయాడు.

డాక్టరమ్మ నన్ను కళ్లు మూసుకోమని, పెన్ను మొనతో తాకుతూ, "ఎక్కడ తగిలిందో వేలు పెట్టి చూపించు" అన్నారు. మచ్చ మీద ఎన్నోసార్లు తాకారట. నేను ఒక్కసారి కూడా చూపించలేదు. మోచేయి వెనక నొక్కి చూసి, "అల్నార్ నర్వ్ థిక్ అయింది, చిటికెన వేలికి పోయే నరం లావెక్కింది" అన్నారు. చెవి తమ్మె దగ్గర చర్మం కొంచెం గీరి పరీక్షకు స్కిన్ స్మియర్ తీశారు.

రిపోర్టు వచ్చాక తలుపు దగ్గరికి వేయించి చెప్పారు. "హాన్సెన్స్ డిసీజ్. అంటే కుష్ఠు. ఏడవద్దు, నయమైపోతుంది. ఏడాదిపాటు ఎండీటీ మాత్రలు మానకుండా వేసుకోవాలి. మందు మొదలుపెట్టాక నీ నుంచి ఎవరికీ రాదు."

"నేను పిల్లల బొమ్మలకు బట్టలు కుడతాను మేడమ్. కుట్టొచ్చా?"

"హాయిగా కుట్టు. బట్టల వల్ల వచ్చే జబ్బు కాదిది. ముందే వచ్చుంటే నరం ఇంత చెడేది కాదమ్మా."

ఆ చివరి మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నెలకోసారి ఆసుపత్రిలో ఇచ్చే పెద్ద మోతాదు వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా వచ్చేది. ఒళ్లు నల్లబడింది. నాలుగో నెలలో మోచేయి వాచి, చిటికెన వేలు, ఉంగరపు వేలు లోపలికి ముడుచుకుపోయాయి. "రియాక్షన్. ఈ జబ్బులో నరం ఇలా వాస్తుంది. ఎండీటీ మాత్రం ఆపొద్దు" అని డాక్టరమ్మ స్టెరాయిడ్స్ రాశారు, వేళ్లు వంగకుండా చేతికి స్ప్లింట్ కట్టించారు. ఆ స్టెరాయిడ్స్‌కు ముఖం ఉబ్బిపోయింది.

అప్పుడే రత్నమ్మ వదిన అడిగింది. "ఏంది సుగుణా, ఇంత నల్లబడినావు?"

ప్రార్థన చేస్తుందని ఉన్నదంతా చెప్పాను. "ఎవురికీ చెప్పన్లే" అని నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది కూడా. ఆదివారం చర్చిలో నేను కూర్చున్న చాప మీద ఇంకెవరూ కూర్చోలేదు.

అయినా ఆ ఏడు కుట్టాను. ముడుచుకున్న వేళ్లకు గుడ్డ ఆగదు. అందుకని దిండుకు పిన్నీసులతో బిగించి ఒంటి చేత్తో కుట్టాను. పద్దెనిమిది జతలు. మా ఆయన చర్చికి తీసుకుపోయి, పిల్లలకు పంచమని వదిన చేతికే ఇచ్చాడు.

క్రిస్మస్ రోజు పిల్లల చేతుల్లో బొమ్మలు కొన్నప్పటి పల్చటి గుడ్డలతోనే ఉన్నాయి. నా బట్టలు విడిగా పంచుతారేమో అనుకున్నాను. మెర్సీ నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది.

"అవ్వా, మా జేజి నువ్వు కుట్టిన గుడ్డలన్నీ పొయిలో పెట్టింది. జేబు గౌను కూడా కాలిపోయింది. నేను ఏడ్చినా ఇయ్యలా."

వదిన దగ్గరికి పోయి అడిగాను. ఆమె బుకాయించలేదు.

"పిల్లోళ్లు సుగుణా వాళ్లు. వాళ్ల తల్లులు ఊరుకుంటారా?"

"రాదని డాక్టరమ్మ చెప్పింది వదినా."

"డాక్టర్లు అట్లనే చెప్తారు. పెద్ద రోగం పెట్టుకోని నువ్వే ఆలోచించుకోవల్ల."

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆమె ఆయనకు సొంత అక్క. "ఇంక కుట్టొద్దులే" అన్నాడు, అంతే. తన అక్కను ఒక్క మాట అనలేదు. అది కూడా నాకు గుర్తుంది.

కోర్సు పూర్తయింది. డాక్టరమ్మ నయమైందని చెప్పారు. మచ్చ పలచబడింది కానీ స్పర్శ పూర్తిగా రాలేదు, రెండు వేళ్లు ముడుచుకునే ఉన్నాయి. మా వీధివాళ్లు నాకు జాకెట్లు ఇవ్వరు. నా సంగతి తెలియని దూరపు వీధులవాళ్లు ఇస్తారు.

పోయిన నవంబరులో వదిన మెర్సీని వెంటబెట్టుకుని, గుడ్డ ముక్కల సంచితో వచ్చింది. "నయమైందంట గదా. పిల్లోళ్లు అడుగుతుండారు, ఈసారి కుట్టు."

"నా వేళ్లు రావు వదినా" అన్నాను. అది అబద్ధం. దిండుకు బిగిస్తే ఇప్పటికీ కుట్టగలను. మెర్సీ ముఖం చిన్నబోయింది. ఆ పిల్లను చూసి బాధేసింది, అయినా సంచి ముట్టుకోలేదు. వదినను క్షమించావా అని మా ఆయన అడుగుతుంటాడు. లేదు.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మచ్చ మీద గిల్లినా తెలియకపోతే ఇంజెక్షన్లతో, ఆయింట్‌మెంట్లతో నాలాగా కాలం పోగొట్టుకోకండి. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పోండి, మందు ఉచితంగా ఇస్తారు. ఇంట్లో వాళ్లను కూడా పరీక్ష చేయించండి. డాక్టరుకు, ఇంట్లోవాళ్లకు చెబితే చాలు. ఇంకెవరికీ చెప్పాల్సిన పని లేదు, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవాళ్లకైనా సరే.