పైకి చూపే వేలు

స్టేషన్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే రాఘవేంద్ర కానిస్టేబుల్ ఏ ప్రశ్నకైనా చూపుడువేలితోనే జవాబు చెబుతాడు. గోటికింద తాంబూలపు సున్నం ఉన్న ఆ వేలు ఎప్పుడూ కప్పు వైపే లేస్తుంది. ఇక్కడ అతను ఎక్కించిన నేరస్థుడి పేరు జిల్లా, రాష్ట్రం, ఢిల్లీ దాటి దేశంలో ప్రతి చెక్‌పోస్టుకూ పోతుంది. తీసెయ్యాలంటే మాత్రం జిల్లా కమిటీ రాష్ట్రాన్ని అడగాలి, రాష్ట్రం ఢిల్లీ బోర్డుని అడగాలి. పాత దానశాసనాల అడుగున చెరిపినవాడికి గోహత్యాపాపమని చెక్కి ఉంటుంది. రాఘవేంద్రకి చెరపడమంటే అంత భయం, చెక్కడానికి మాత్రం బెదురు లేదు.

తాత పేరే మనవళ్లందరికీ పెట్టే ఊళ్లవి. అందుకే పనిని బట్టి పిలుచుకుంటారు. బైకు దొంగతనంలో దొరికిన, మేకలు కాసే మేకల ఓబులేసుని, పిలుపు పేరుకి కంప్యూటర్‌లో గడి లేదని, రాఘవేంద్ర ఇంటిపేరుతో ఒట్టి ఓబులేసుగా ఎక్కించాడు. ఇప్పుడు అదే ఇంటిపేరున్న అతని పినతండ్రి కొడుకు, లారీ ఓబులేసు, తాడిపత్రి బండల లోడుతో పోతుంటే ప్రతి చెక్‌పోస్టులో దొంగని ఆపి కిందికి దించుతున్నారు.

"ఇంగోసారి ఆపితే పనిలోకి రావద్దన్నాడన్నా ఓనరు. ఎక్కించింది నువ్వే, నువ్వే తీసెయ్" అన్నాడతను వచ్చి.

"నా చేతిలో ఏముండాదప్పా? అంతా పైన."

"పైనోళ్లకి నా మొగం తెల్దు. నీకు తెల్సు గదా. నీ పెండ్లి సామాన్లు తెచ్చింది నేనే."

"ఇద్దరిదీ ఒగటే పేరు. ఎవరు ఎవరో నాకెట్ల తెలుస్తాది?"

వేలు మళ్లీ లేచింది. ఓబులేసు దాన్నే కాసేపు చూసి గడప దాటాడు.

వెనకనుంచి రాఘవేంద్ర కేకేశాడు. "లారీ ఓబులేసూ, దుమ్మొస్తాంది, తలుపేసి పో."